చదవని మూలాన్ని ఉటంకించవచ్చా: పాడ్‌కాస్ట్ పూర్తి పాఠం

తమ్ముడు: శ్రోతలందరికీ నమస్కారం. సంఘం న్యూస్‌లెటర్‌లో పరిశోధనలను ఉటంకించేటప్పుడు మూలాన్ని ఏ పద్ధతిలో పేర్కొనాలన్నది నేటి అంశం. రచయితల పేర్లు, సంవత్సరం, వ్యాసం శీర్షిక, జర్నల్ పేరు, అన్నిటి చివర డీఓఐ సంఖ్య, అంటే ఆ వ్యాసాన్ని ఇంటర్నెట్‌లో ఎప్పుడైనా వెతికి పట్టుకోవడానికి దానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, ఉంటే చాలునని నా అభిప్రాయం.

అక్క: డీఓఐ ఇంత త్వరగా వస్తుందని నేను అనుకోలేదు. మూలం ఎలా రాయాలో చెప్పే ముందు, దాన్ని మనం చదివామా లేదా అన్నది తేల్చుకోవాలి. పోయిన సంచికకు వచ్చిన మూడు వ్యాసాలకు అసలు ఆధారం దినపత్రికలో వచ్చిన వార్త, కింద రాసింది మాత్రం జర్నల్ పేరు. చదవని దాన్ని చదివినట్టు చూపడం నాకు సమ్మతం కాదు.

తమ్ముడు: చాలా జర్నళ్లు చందా కట్టినవారికే పూర్తి పాఠం ఇస్తాయి కదా, అక్కా. సారాంశం మాత్రమే ఉచితంగా దొరుకుతుంది. రెండు పేరాలు రాసే స్వచ్ఛంద సేవకుడిని ఇరవై పుటలు చదవమనడం భావ్యమా?

అక్క: సారాంశమే చదివితే ఆ మాటే రాయాలి, వార్త చదివితే ఆ వార్తనే పేర్కొనాలి. పుటల సంఖ్య సాకు కాదు. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన ఉత్తరంలో ఉన్నవి ఐదే వాక్యాలు.

తమ్ముడు: ఆ ఉత్తరం మన శ్రోతలకు కొత్త కాదు.

అక్క: కొత్త కాకపోయినా చెబుతాను. ఆస్పత్రిలో చేరి, నల్లమందు తరహా నొప్పి మందు కనీసం ఒక్కసారైనా తీసుకున్న 11,882 మందిలో, అంతకుముందు వ్యసనం లేనివారిలో నలుగురికి మాత్రమే వ్యసనం ఏర్పడినట్టు తగిన ఆధారాలు కనిపించాయని పోర్టర్, జిక్ అందులో రాశారు. ఆ ఉత్తరాన్ని 608 చోట్ల ఉటంకించారని 2017లో అదే జర్నల్‌లో వచ్చిన పరిశీలన లెక్క తేల్చింది. వాటిలో 72.2 శాతం, ఇలాంటి మందులకు బానిసలు కావడం అరుదనడానికి దాన్నే సాక్ష్యంగా చూపాయి. ఆ రోగులు ఆస్పత్రిలో ఉన్నవారన్న సంగతిని 80.8 శాతం ప్రస్తావించనే లేదు. ఆస్పత్రి సిబ్బంది ఇచ్చిన మందు తీసుకున్నవారి లెక్కను, నెలల తరబడి ఇంట్లో మందు మింగేవారికి వర్తింపజేయడం ఎంత ప్రమాదం!

తమ్ముడు: అంతటి పండితులే పొరబడ్డారు. మూడు వాక్యాల చోటులో ఎవరిని, ఎక్కడ, ఎంతకాలం పరిశీలించారో మనం రాయబోతే చదివేవారు పుట తిప్పేస్తారు.

అక్క: చోటు లేకపోతే ఆ వార్త వేయవద్దు. "ఆస్పత్రిలో చేరిన రోగుల్లో" అనడానికి మూడు మాటలు పడతాయి, అంతే.

తమ్ముడు: మోకాళ్ల గురించి నేను రాసిన వ్యాసం చదివి ఒక పెద్దాయన చేసిన ఫోను గురించి మీరు అనడం లేదని తెలుసు, అయినా నాకు అదే గుర్తుకు వస్తోంది. ఆ వ్యాసంలో, పరిశోధన "తగ్గవచ్చు" అన్నదాన్ని నేను "తగ్గుతుంది" అని మార్చాను. శస్త్రచికిత్స చేయించుకున్నవారిని ఆ పరిశోధనలో చేర్చుకోలేదన్న వాక్యాన్ని వదిలేశాను. శస్త్రచికిత్స చేయించుకున్న ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, "మరి నా సంగతేమిటి" అని మాత్రమే అడిగారు.

అక్క: తర్వాతి సంచికలో సవరణను మొదటి పుటలోనే వేశావు. అది నాకు గుర్తుంది.

తమ్ముడు: సవరణ మాట వచ్చింది కనుక డీఓఐ గురించి మళ్లీ చెబుతాను. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా పిల్లలకు వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చని 12 మంది పిల్లల ఆధారంగా సూచించిన వ్యాసం 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చింది, జర్నల్ దాన్ని ఉపసంహరించుకున్నది 2010లో. పాత ప్రతి చూసి ఎత్తి రాసే మనిషికి ఆ సంగతి తెలియదు. డీఓఐ పట్టుకుని జర్నల్ పుటకు వెళితే, ఉపసంహరించుకున్నారన్న ప్రకటన ఎదురుగా కనిపిస్తుంది.

అక్క: ఈ కారణం మొదటే చెప్పి ఉంటే నేను అడ్డు చెప్పేదాన్నే కాదు. లింకు చెడిపోదన్న మాట ఒక్కటే ఇన్నాళ్లూ చెబుతూ వచ్చావు.

తమ్ముడు: సమయం తక్కువగా ఉంది. అనువదించిన వాక్యాన్ని కొటేషన్ గుర్తుల్లో పెడితే, అనువాదం మాదేనని చెప్పాలి. ప్రీప్రింట్ అయితే, అంటే జర్నల్‌లో అచ్చు కాకముందే రచయితలు బయటపెట్టిన ప్రతి అయితే, ఇతర నిపుణుల సమీక్ష ఇంకా పూర్తి కాలేదని మొదటి వాక్యంలోనే చెప్పాలి.

అక్క: శీర్షికలోనే చెప్పాలని నేను అంటాను.

తమ్ముడు: శీర్షికలో ఆరు మాటలకే చోటుంది, అక్కా.

అక్క: అందులో ఒకటి దీనికి ఇవ్వు.