ఆధారం ఎంతవరకో వాక్యం అంతవరకే: పరిశోధన వ్యాసం రాసే తీరు

[తెరపై ఒకే వాక్యం: "నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య అత్యంత తీవ్రంగా ఉందనడంలో అతిశయోక్తి లేదు."]

వ్యాఖ్యాత: నమస్కారం. తెరపై ఉన్న ఈ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. ఫ్లోరైడ్ వల్ల ఆ జిల్లా ప్రజలు తరతరాలుగా పడిన బాధ కూడా కాదనలేని నిజం. సభలో మాట్లాడేటప్పుడు ఈ మాట చెల్లుతుంది, పరిశోధన వ్యాసంలో మాత్రం చెల్లదు. ఎందుకు చెల్లదో, చెల్లాలంటే ఏం చేయాలో ఈ వీడియోలో చూద్దాం. మంచి పరిశోధన రచనకు స్పష్టత, క్లుప్తత, నిష్పాక్షికత అంటూ చాలా లక్షణాలు చెబుతారు. నా దృష్టిలో అవన్నీ ఒకే నియమం నుంచి పుట్టినవి: చేతిలో ఉన్న ఆధారం ఎంతవరకు తోడు వస్తుందో, వాక్యం అంతవరకే వెళ్లాలి.

[తెరపై "అత్యంత తీవ్రంగా" అన్న మాటల కింద గీత]

"అత్యంత తీవ్రంగా" అన్నప్పుడు దేనితో పోల్చి అంటున్నామో పాఠకుడికి తెలియాలి. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 1.0 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ కూడా 1.5. ఈ కొలబద్ద పక్కన మీ నమూనాల ఫలితాలు పెడితే తీవ్రత ఎంతో పాఠకుడే తేల్చుకుంటాడు, విశేషణం అవసరం పడదు. "అనడంలో అతిశయోక్తి లేదు", "అందరికీ తెలిసిన విషయమే", "చెప్పనక్కరలేదు" వంటి మాటలు మన పరిశోధన వ్యాసాల్లో అడుగడుగునా కనిపిస్తాయి. అవి ఆధారం ఉండవలసిన చోటును ఆక్రమిస్తాయి. అటువంటి మాట రాయబోతున్నప్పుడు ఒక్క క్షణం ఆగి, అక్కడ ఏ అంకె లేదా ఏ మూలగ్రంథం ఉండాలో ఆలోచించండి.

[తెరపై: "నమూనాలు సేకరించబడ్డాయి. పరీక్షించబడ్డాయి."]

"బడు" ధాతువుతో రాసిన ఈ వాక్యాలు శాస్త్రీయంగా వినిపిస్తాయన్న నమ్మకం మనలో బలంగా ఉంది. నిజానికి అవి తెలుగుకు సహజమైన వాక్యాలూ కావు, పాఠకుడికి కావలసిన సమాచారాన్ని ఇచ్చేవీ కావు. నీళ్లు ఎవరు పట్టారు? చేతిపంపు నుంచా, వ్యవసాయ బోరు నుంచా, ఇంటి కుళాయి నుంచా? ఎండాకాలంలోనా, వానల తర్వాతా? భూగర్భ జలమట్టంతో పాటు ఫ్లోరైడ్ మోతాదు కూడా మారవచ్చు కాబట్టి నెల చెప్పని ఫలితాన్ని మరొకరు తమ ఫలితంతో పోల్చుకోలేరు. "మే నెలలో చేతిపంపుల నుంచి మేము నీటి నమూనాలు తీసుకుని, అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో ఫ్లోరైడ్‌ను కొలిచాము" అని రాస్తే అందులో లోపించిన శాస్త్రీయత ఏమీ లేదు. "మేము" అన్నంత మాత్రాన నిష్పాక్షికత పోదు.

ఇక అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన చోటికి వద్దాం, అది కార్యకారణ సంబంధం.

[తెరపై: "మిషన్ భగీరథ వల్ల పిల్లల్లో ఫ్లోరోసిస్ తగ్గింది."]

ఫ్లోరోసిస్ అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు. తెలంగాణ ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ 2016లో ప్రారంభమైంది. కృష్ణా, గోదావరి నదుల నుంచి, జలాశయాల నుంచి శుద్ధి చేసిన నీటిని ఇళ్లకు చేర్చడం దాని ఉద్దేశం. బోరు నీటికి బదులు నది నీరు వస్తే శరీరంలోకి వెళ్లే ఫ్లోరైడ్ తగ్గుతుందన్నది సహేతుకమైన అంచనాయే. అయితే ఒక విద్యార్థి 2020లో పన్నెండేళ్ల పిల్లల పళ్లను పరీక్షించి ఈ వాక్యం రాశాడనుకుందాం. పంటి మీద ఫ్లోరోసిస్ మచ్చలు ఏర్పడేది చిగుళ్ల లోపల ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) తయారయ్యే వయసులో, అంటే శాశ్వత దంతాలకు చాలావరకు తొలి ఎనిమిదేళ్లలోపే. 2020లో పన్నెండేళ్లున్న పిల్లలు 2008 ప్రాంతంలో పుట్టినవారు కాబట్టి, వారి పళ్లు చెప్పేది పథకానికి ముందు తాగిన నీటి గురించే తప్ప పథకం తర్వాత తాగిన నీటి గురించి కాదు. మచ్చలు నిజంగానే తగ్గి కనిపించి ఉండవచ్చు. ఆ తగ్గుదలకు కారణం అంతకుముందే ఊరికి వచ్చిన శుద్ధజల కేంద్రమో, పరీక్షకు ఎంచుకున్న పిల్లల్లోని తేడాయో కావచ్చు. ఆ విద్యార్థి రాయగలిగింది, "పరీక్షించిన పిల్లల్లో దంత ఫ్లోరోసిస్ మునుపటి సర్వేలో కన్నా తక్కువగా కనిపించింది, దీనికి మిషన్ భగీరథ కారణమని ఈ వయసు పిల్లల ఆధారంగా చెప్పలేము" అన్నంతవరకే. ఇలా రాయడం వెనకడుగు వేయడం కాదు. 2016 తర్వాత పుట్టిన పిల్లలను పరీక్షించవలసిన అవసరాన్ని ఈ వాక్యమే తరువాతి పరిశోధకుడికి చూపిస్తుంది.

ఇదే ఉదాహరణలో నిర్వచనం ప్రాముఖ్యమూ కనిపిస్తుంది. దంత ఫ్లోరోసిస్, ఎముకల ఫ్లోరోసిస్ వేర్వేరు. రెండింటినీ కలిపి "బాధితులు" అని లెక్కవేస్తే ఆ అంకె ఎవరికీ ఉపయోగపడదు. ఒకసారి నిర్వచించిన పదాన్ని వ్యాసం చివరి దాకా అదే అర్థంలో వాడాలి. పునరుక్తి దోషమని పదం మార్చడం కావ్యంలో బాగుంటుంది, ఇక్కడ అయోమయం తెస్తుంది.

వాక్యం పొడవు గురించి ఒక్క మాట. అసమాపక క్రియలతో ఎంత దూరమైనా సాగదీసే వీలు తెలుగు వాక్యానికి ఉంది. పొడవు దానంతట అది తప్పు కాదు. మధ్యలో కర్త మారిపోయి, చివరి క్రియ ఎవరిదో తెలియకపోతేనే చిక్కు.

[తెరపై: "ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట నెల్లూరులో బయటపడింది (1937)."]

చివరగా, మూలాల ప్రస్తావన. 1937లో షార్ట్, ఆయన సహ పరిశోధకులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను ఇండియన్ మెడికల్ గెజిట్ అనే వైద్య పత్రికలో వివరించారు. ఈ సంగతి ఎన్నో వ్యాసాల్లో ఒకరి నుంచి ఒకరికి చేరుతూ ఉంటుంది. అయితే నాటి నెల్లూరు జిల్లా నేటి నెల్లూరు జిల్లా కాదు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోవే. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి అవి వెళ్లాయి. ఈ వివరం చూడకుండా పాత వ్యాసంలోని జిల్లా పేరును నేటి పటం మీద పెడితే పరిశోధన వేరే ఊళ్లకు వెళ్లిపోతుంది. పైన ఉన్న వాక్యాన్ని "నాటి నెల్లూరు జిల్లాలో" అని దిద్దితే సరిపోతుంది.

ఇతరుల వాక్యాలను ఎత్తి రాసుకోవడంపై విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం సిద్ధాంత గ్రంథంలో పోలిక 10 శాతం దాటితే సవరించి మళ్లీ సమర్పించాలి. 40 శాతం దాటితే ఏడాది పాటు సమర్పించే వీలుండదు. 60 శాతం దాటితే నమోదే రద్దవుతుంది. అయితే సాఫ్ట్‌వేర్ పట్టుకునేది మాటల పోలికను మాత్రమే. చదవని వ్యాసాన్ని చదివినట్లు మూలంగా చూపిస్తే అది పట్టుకోలేదు. వేరొకరి వ్యాసంలో చూసిన సంగతైతే ఆ వ్యాసం ద్వారా తెలిసిందనే రాయండి. మూలం అందుబాటులో ఉంటే వెళ్లి చదవండి. ఇండియన్ మెడికల్ గెజిట్ పాత సంచికలు పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ వ్యాస భాండాగారంలో ఉచితంగానే దొరుకుతాయి.