తిమ్మిరి చేతిలో, కారణం సీటులో

సభకు నమస్కారం.

ఈ ఉదయం సైకిళ్ల మీదే ఇక్కడికి వచ్చిన మీలో, గంటన్నర తొక్కేసరికి చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరపు వేలు తిమ్మిరెక్కిన అనుభవం లేనివారు తక్కువమందే ఉంటారు. చెయ్యి విదిలించుకుని, నాలుగుసార్లు పిడికిలి బిగించి వదిలి, మళ్లీ తొక్కడం మనకు అలవాటైపోయింది. ఫిజియోథెరపిస్టుగా చేతి సమస్యలతో వచ్చేవారిని రోజూ చూస్తూ కూడా నేను చాలాకాలం అదే చేశాను.

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లి తిరిగి వచ్చే 300 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే గడువులోగా ముగించవలసిన దూరపు సైకిలు యాత్రకు, ఒకసారి వెళ్లాను. దానికి గడువు 20 గంటలు. తిరుగు ప్రయాణంలో దారిలోని మాల్ అనే ఊరు చేరేసరికి కుడిచేతి రెండు వేళ్లు పూర్తిగా మొద్దుబారినా, గడువు మీదే ధ్యాస పెట్టి ముగించాను. మర్నాడు మధ్యాహ్నం పప్పన్నం కలుపుతుంటే చిటికెన వేలు మిగతా వేళ్లతో కలిసి రాక, పక్కకు జరిగి అక్కడే నిలిచిపోయింది. ముద్ద చేతిలో నిలవలేదు. చొక్కా బొత్తాలు ఎడమచేత్తో పెట్టుకోవలసి వచ్చింది. ఆ చెయ్యి మళ్లీ మామూలుగా మారడానికి ఆరు వారాలు పట్టింది.

మోచెయ్యి తలుపు అంచుకు తగిలినప్పుడు చిటికెన వేలి దాకా కరెంటు పాకినట్లు ఉంటుంది కదా, ఆ నరం పేరు అల్నార్ నరం. అది మణికట్టు దాటి అరచేతిలోకి ఎక్కడ ప్రవేశిస్తుందో మీరే తాకి చూడవచ్చు. ఎడమ అరచేతిని పైకి తిప్పి, మణికట్టు మడత దగ్గర చిటికెన వేలి వైపున కుడి బొటనవేలితో నొక్కండి. బఠాణీ గింజంత గుండ్రని ఎముక తగులుతుంది. దానికి కొంచెం ముందుగా, అరచేతి మధ్య వైపుకు, కొక్కెం ఆకారంలో మరో ఎముక లోతుగా ఉంటుంది. ఈ రెండింటి మధ్యనున్న ఇరుకు దారిని 1861లో ఫెలిక్స్ గియోన్ అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు వర్ణించాడు కనుక దాన్ని గియోన్ కాలువ అంటారు. హ్యాండిల్ మీద మనం శరీర భారాన్ని మోపేది సరిగ్గా ఆ కాలువ మీదే. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారుతున్నవారికి ఇబ్బంది పడేది వేరే నరం. తొమ్మిది స్నాయువులతో కలిసి మణికట్టు మధ్య సొరంగంలోంచి వచ్చే మీడియన్ నరం అది. మణికట్టును వెనక్కి విరిచినట్లు పట్టుకుని గంటల తరబడి తొక్కితే అది నలుగుతుంది. కాబట్టి ఏ వేళ్లకు తిమ్మిరి వస్తోందో ముందుగా గమనించండి.

ఇక్కడే నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. తిమ్మిరి రాగానే మనం కొనేది జెల్ గ్లవ్స్, ఆ తరువాత మందపాటి హ్యాండిల్ టేపు. అవి పనికిరావని అనను. కానీ సీటు మీద, పెడళ్ల మీద ఉండవలసిన బరువు చేతుల మీదకు ఎందుకు వచ్చిందో చూడకుండా వాటితో మొదలుపెట్టడం, కారుతున్న కుళాయిని కట్టకుండా నేల తుడవడమే అవుతుంది. మన పల్లెల్లో పాలక్యాన్లు కట్టుకుని తిరిగిన పాత సైకిళ్లను గుర్తు తెచ్చుకోండి. వాటి హ్యాండిల్ ఎత్తుగా ఉండి, పిడులు తొక్కేవారి వైపుకు వంగి వచ్చేవి. నడుము నిటారుగా ఉండేది, మణికట్టు ముంజేతికి తిన్నగా ఉండేది, బరువంతా సీటు మీదే పడేది. వేగం కోసం మనం ముందుకు వంగాము. వంగడం తప్పు కాదు, వంగిన శరీరాన్ని చేతులతో మోయడం తప్పు.

సీటు ముక్కు నాలుగైదు డిగ్రీలు కిందికి వాలినా శరీరం ప్రతి క్షణం ముందుకు జారుతూనే ఉంటుంది, చేతులు దాన్ని వెనక్కి నెడుతూనే ఉంటాయి. నా సైకిలులో లోపం అదే. దానికితోడు దుకాణంలో నాకు ఒక సైజు పెద్ద ఫ్రేము అంటగట్టారు. హ్యాండిల్ అందుకోవడానికి మోచేతులు బిగదీసి చాచవలసి వచ్చేది. మేస్త్రీలు వాడే రసమట్టాన్ని సీటు మీద పెట్టి మట్టం చూడండి. దాదాపు సమతలంగా ఉండాలి. తరువాత సీటు మరీ ముందుకు ఉందేమో చూడాలి. ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిలును కదలకుండా నిలిపి తొక్కే స్టాండు మీద, మామూలు వేగంతో తొక్కుతూ, రెండు చేతులనూ హ్యాండిల్ నుంచి వేలెడు ఎత్తు పైకి లేపండి. శరీరం వెంటనే ముందుకు తూలితే సీటును కొద్దికొద్దిగా, ఒకసారికి ఐదు మిల్లీమీటర్లకు మించకుండా, వెనక్కి జరిపి మళ్లీ పరీక్షించుకోవాలి. ట్రాఫిక్‌లో మాత్రం ఈ పరీక్ష చేయవద్దు. సీటు కుదిరాకనే హ్యాండిల్ ఎత్తు, హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్ పొడవు చూడాలి. ఈ వరుస తారుమారైతే ఒకచోట సరిచేసింది మరోచోట చెడుతుంది.

గాలి విషయంలోనూ ఒక అపోహ ఉంది. టైరు పక్కన అచ్చు వేసినది గరిష్ఠ పరిమితి, కొట్టవలసిన గాలి కాదు. 70 కిలోల మనిషి 28 మిల్లీమీటర్ల టైరులో 100 పీఎస్‌ఐ (గాలి పీడనపు కొలత) నింపితే రోడ్డు మీది ప్రతి కంకరరాయి అరచేతికి తెలుస్తుంది. 70, 80 మధ్య చాలు.

విచిత్రంగా అనిపించవచ్చు కానీ, నున్నటి రోడ్డూ ఇబ్బంది పెడుతుంది. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పైకప్పుతో వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు మీద బ్రేకు పట్టే అవసరం తక్కువ, చెయ్యి చూపించే పనీ తక్కువ. నానక్‌రామ్‌గూడ వైపు నుంచి బయలుదేరినవారు చేతులు పెట్టినచోటు నుంచి కదపకుండానే చాలాదూరం వెళ్లిపోగలరు. ఐదారు నిమిషాలకోసారి పట్టు మార్చండి: హుడ్స్ (బ్రేకు లివర్ల పైభాగం) మీది నుంచి పైకడ్డీకి, అక్కడి నుంచి డ్రాప్స్‌కు (హ్యాండిల్ కింది వంపులకు). తిన్నటి హ్యాండిల్ ఉన్నవారికి ఇన్ని పట్లు దొరకవు కనుక హ్యాండిల్ కొసలకు తగిలించే కొమ్ముల్లాంటి బార్ ఎండ్స్ బిగించుకోవడం మంచిది. మోచేతులు కొద్దిగా మడిచి, వేళ్లను వదులుగా ఉంచండి.

తిమ్మిరి లేకుండానే బలం తగ్గిపోయే సందర్భాలూ ఉన్నాయి. అల్నార్ నరంలో లోతుగా వెళ్లి కండరాలను కదిలించే శాఖ ఒక్కటే నలిగితే అలా జరుగుతుంది. బొటనవేలికీ, చూపుడు వేలి పక్కకూ మధ్య ఒక కాగితం పట్టుకుని మరొకరిని లాగమనండి. కాగితం జారకుండా ఉంచడానికి బొటనవేలి కొస వంగిపోతుంటే సైకిలు ఆపి వైద్యుడిని కలవాలి. దిగాక ఒకటి రెండు రోజుల్లో తగ్గని తిమ్మిరిని, తాళం తిప్పలేకపోవడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సైకిలు తొక్కని రోజుల్లోనూ మొద్దుబారుతుంటే కారణం మెడలో, మధుమేహంలో, విటమిన్ బి12 లోపంలో ఉండవచ్చు. కుష్ఠు వ్యాధి కూడా మోచేతి దగ్గర ఇదే అల్నార్ నరాన్ని దెబ్బతీస్తుంది. తొందరగా గుర్తిస్తే మందులతో నయమయ్యే వ్యాధి అది, పేరు విని వెనకాడవద్దు.

బయట నాలుగు స్టాండ్లు, రసమట్టం, బోల్టులు తిప్పే అలెన్ కీలు సిద్ధంగా ఉన్నాయి. ఈరోజు వస్తూ వేళ్లు మొద్దుబారినవారు ముందుగా సైకిళ్లు తీసుకురండి. సీటు దగ్గర మొదలుపెడదాం.