మరోష్‌వేచ్ కోటలో రచయితల స్నేహం

సభకు నమస్కారం.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత 1920 జూన్ 4న కుదిరిన త్రియానోన్ ఒప్పందంతో, అప్పటిదాకా హంగేరీలో ఉన్న ట్రాన్సిల్వేనియా రుమేనియాకు దక్కింది. అక్కడి హంగేరియన్ రచయితలు ఇల్లు కదలకుండానే మైనారిటీలయ్యారు. బుడాపెస్ట్‌లోని ప్రచురణకర్తలకూ వారికీ మధ్య సరిహద్దు పడింది. రాయడం తరువాతి సంగతి, ముందు అచ్చువేసేవారెవరన్నదే ప్రశ్న అయింది.

1924లో ట్రాన్సిల్వేనియాలోని కొలొజ్‌వార్ (నేటి క్లూజ్) నగరంలో ఆరుగురు కలిసి తామే ‘ఎర్దేయి సేప్‌మీవెష్ ట్సేహ్’ అనే ప్రచురణ సంస్థను పెట్టుకున్నారు. దాని పేరులోని ‘ట్సేహ్’ అనే మాటకు చేతివృత్తులవారి సంఘం అని అర్థం. ఆ పేరు ఊరికే పెట్టుకున్నది కాదు. ఆరుగురిలో ఒకరైన కోష్ కారోయ్ (హంగేరియన్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెబుతారు) వాస్తుశిల్పి, నవలాకారుడు, బొమ్మలు చెక్కే పనివాడు. తోటి రచయితల పుస్తకాలకు రూపం తీర్చే పనిని ఆయన తన రచనకంటే తక్కువగా చూడలేదు. ఒకరి పుస్తకం కోసం మరొకరు చేతులు మురికి చేసుకోవడాన్ని మించిన సాహిత్య స్నేహం నాకు తెలియదు.

1926 జూలైలో కెమేన్ యానోష్ అనే యువ జమీందారు ట్రాన్సిల్వేనియాలోని మరోష్‌వేచ్ అనే ఊరిలో ఉన్న తన కోటకు రచయితలను ఆహ్వానించాడు. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, యూదులు, ఉదారవాదులు, సంప్రదాయవాదులు ఒకే బల్ల చుట్టూ కూర్చొని, తమది పార్టీ కాదు, స్వేచ్ఛగా కలిసి పనిచేసే బృందమని చెప్పుకొని, గ్రీకు పురాణాల్లో కళాదేవతల కొండ అయిన హెలికోన్ పేరు పెట్టుకున్నారు. 1928లో ఆ బృందం పత్రిక వచ్చింది. తొలి సంపాదకుడు, కవి ఆప్రిలి లయోష్ మరుసటి ఏడాదే బుడాపెస్ట్‌కు తరలిపోగా, ఆ బరువును కుంట్స్ ఆలదార్ ఎత్తుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో నిర్బంధంలో గడిపిన ఆయన, ఆ అనుభవాన్ని పుస్తకంగా వెలువరించిన 1931లోనే మరణించాడు. మిత్రులు కోట తోటలో ఆయన జ్ఞాపకార్థం ఒక రాతిబల్ల వేయించారు. దాని రూపం గీసినది కోష్. సంతాప సంచిక వేసి ఊరుకోకుండా, మళ్లీ అందరూ చుట్టూ కూర్చోగలిగే వస్తువునే స్మారకంగా ఎంచుకోవడం ఆ బృందం స్వభావాన్ని చెబుతుంది.

ప్రసంగాన్ని ఆ బల్ల దగ్గరే ఆపడం సులువు, కానీ న్యాయం కాదు. 1940లో ఉత్తర ట్రాన్సిల్వేనియా తిరిగి హంగేరీ చేతికి వచ్చాక, మైనారిటీలుగా ఉన్నప్పుడు ఒక్కటిగా నిలబడినవారి దారులు వేరయ్యాయి. ప్రచురణ సంస్థ స్థాపకులలో ఒకరైన న్యిరో యోజెఫ్ హంగేరీ పార్లమెంటు సభ్యుడై, చివరికి ‘బాణపు సిలువ’ అనే హంగేరియన్ ఫాసిస్టు పార్టీ పాలనలోనూ ఆ పదవిలోనే కొనసాగాడు. యూదుడైన మరో స్థాపకుడు లిగెతి ఎర్నోను 1945 జనవరిలో బుడాపెస్ట్‌లో ఆ ఫాసిస్టులే కాల్చి చంపారు. 1924 నాటి ఆరుగురి పేర్లను అక్షరక్రమంలో రాస్తే, హంగేరియన్ లిపిలో ఈ ఇద్దరి పేర్లూ పక్కపక్కనే వస్తాయి.