గిత్త వెళ్లింది, కేకు వచ్చింది

శ్రోతలకు నమస్కారం.

మొన్న మా వీధిలో ఒక పాప పుట్టినరోజుకు వెళ్లాను. లైట్లన్నీ తీసేసి, కేకు మీద కొవ్వొత్తులు ఊదించారు. నా పక్కనున్న పెద్దాయనకు నచ్చలేదు. "దీపం ఆర్పడమేంది అబ్బయా, శుభమా అంటా! అంతా దొరల పిచ్చి" అని గొణిగాడు. ఆ వెంటనే ఫోను తీసి, అమెరికాలో ఉన్న మనవడికి వీడియోలో ఆ కేకే చూపించాడు.

అటు నుంచి రావడమేనా, మన దగ్గర్నుంచి అటు పోయినవీ ఉన్నాయి. ఒంగోలు గిత్తనే చూడండి. 19వ శతాబ్దం నుంచి 1960ల దాకా ఓడలెక్కి బ్రెజిల్ చేరింది. ఆ తొలి రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, అందుకే అక్కడ దాని పేరు 'నెలోర్'. ఈరోజు ఆ దేశపు మాంసం పశువుల్లో ఎక్కువ భాగం ఆ జాతిదే. మనం గిత్తతో దుక్కి దున్నించాం, బండలు లాగించాం, బసవన్న అని పసుపు రాశాం. వాళ్లు ఎండకు తట్టుకునే ఒళ్లు మాత్రం తీసుకున్నారు. మనకు నచ్చినా నచ్చకపోయినా, తమకేం కావాలో చూసుకుని తీసుకున్నారు.

మన బేరమే నాకు అంతుపట్టదు. కేకు తెచ్చుకున్నాం. తాంబూలాలకు ముందు "ఈ సంబంధం నీకు ఇష్టమేనా అమ్మా" అని కూతుర్ని అడగమంటే మాత్రం అది ఫారిన్ అలవాటట. ఆ పిల్ల తెచ్చే జీతం ఫారిన్ కాదు.

1866లో ఒంగోలు వచ్చిన అమెరికా మిషనరీ జాన్ క్లౌ, 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని, పస్తులున్నవాళ్లకు కూలి ఇప్పించారు. మతం సంగతి ఎవరిష్టం వారిది. కానీ ఊరి బయట ఉంచిన మాదిగ పిల్లలు పలక పట్టిన మిషన్ బడి కూడా ఆ దొరల దేశం నుంచి వచ్చిందే. అది ఏ పిచ్చో పెద్దాయన్ని అడగాల్సింది.

ఇక మన నెల్లూరు రొట్టెల పండుగ. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, తీరాల్సినవాళ్లు పుచ్చుకుంటారు. హిందువా ముస్లిమా అని ఎవరూ అడగరు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, వాటి పక్కనే విదేశీ రొట్టె! అమెరికా వెళ్లడానికి దర్గా చెరువులో నిలబడి, ముక్కూమొహం తెలియని మనిషి చేతి రొట్టె తింటాం. ఇందులో ఏది మనదో, ఏది వాళ్లదో విడదీయడం నాకైతే చేతకాదు.

పెద్దాయన మనవడు తిన్నదీ ఆ రొట్టే. వీసా వచ్చింది గానీ, మరుసటేడు పండక్కి అబ్బాయి రాలేకపోయాడు. తాతే పంచె పైకి కట్టి చెరువులో దిగి రొట్టె ఇచ్చాడు. తీసుకున్నది ఒక ఆడపిల్ల. పెళ్లి రొట్టె వద్దు, విదేశీ రొట్టే కావాలని అడిగి మరీ తీసుకుందట.