వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు? వైజాగ్ రోడ్ల మీద పెద్ద పికప్ ఖర్చు

[దృశ్యం: హనుమంతవాక దగ్గర పెట్రోల్ బంకు. ట్యాంకు మూత తీసిన పికప్. మీటర్ మీద అంకెలు గిర్రున తిరుగుతున్నాయి.]

నమస్తే అండీ. పికప్ కొన్నవాళ్లను ఎవరైనా మొదట అడిగేది ఒక్కటే: "మైలేజీ ఎంతిస్తోంది?" పదకొండు అంటే పెదవి విరుస్తారు. ఎనిమిది అంటే "అమ్మో" అని మాట మార్చేస్తారు. ఇవాళ ఆ ప్రశ్నను తిరగేద్దాం. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని కాదు, వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతోంది అని అడుగుదాం.

[తెర మీద: రెండు బండ్ల లెక్క పక్కపక్కన]

ఒక చిన్న కారు మైలేజీ 15 నుంచి 20కి పెరిగిందనుకోండి. వంద కిలోమీటర్లకు 6.7 లీటర్లు పట్టేది ఇప్పుడు 5 లీటర్లే పడుతుంది. మిగిలింది 1.7 లీటర్లు. అదే ఒక భారీ పికప్ మైలేజీ 5 నుంచి 7కి పెరిగితే? 20 లీటర్లు కాస్తా 14.3 అవుతాయి. మిగిలింది 5.7 లీటర్లు! మైలేజీ తక్కువున్న బండికే ఒక్కో కిలోమీటరు విలువ ఎక్కువ. "ఒకటీ రెండే కదా, పోనీలే" అనుకునేది సరిగ్గా ఆ బండ్ల దగ్గరే. అమెరికాలో కొత్త బండి అద్దానికి అంటించే స్టిక్కర్ మీద 2013 మోడళ్ల నుంచి గ్యాలన్‌కు మైళ్లతో పాటు, వంద మైళ్లకు ఎన్ని గ్యాలన్లో కూడా వేస్తున్నారు.

[దృశ్యం: పెద్ద అమెరికన్ పికప్ బొమ్మ, పక్కన మన హైలక్స్ బొమ్మ, కొలతలతో]

అమెరికా అనుకున్నాం కాబట్టి అక్కడి ఫుల్ సైజ్ ఆఫ్ రోడ్ పికప్‌ల సంగతి చూద్దాం. 2021లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్‌కు 3.5 లీటర్ల ట్విన్ టర్బో వీ6 పెట్రోల్ ఇంజిన్, 450 హార్స్‌పవర్. 35 అంగుళాల టైర్లతో అక్కడి ప్రభుత్వ సంస్థ ఈపీఏ ఇచ్చిన సగటు గ్యాలన్‌కు 16 మైళ్లు. మన లెక్కలో లీటరుకు 6.8 కిలోమీటర్లు, అంటే వందకు 14.7 లీటర్లు. అప్పటి ర్యామ్ 1500 టీఆర్ఎక్స్ ఇంకో మెట్టు పైన: 6.2 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వీ8, 702 హార్స్‌పవర్, సగటు 12 మైళ్లు. వంద కిలోమీటర్లకు దాదాపు 19.6 లీటర్లు.

లెక్క తేలిగ్గా ఉండడానికి పెట్రోల్ 110, డీజిల్ 98 రూపాయలు అనుకుందాం. రాప్టర్‌కు వంద కిలోమీటర్లకు 1,600 దాటుతుంది, టీఆర్ఎక్స్‌కు 2,150. రాప్టర్ ట్యాంకు 36 గ్యాలన్లు, సుమారు 136 లీటర్లు. ఒక్కసారి ఫుల్ కొట్టిస్తే 15 వేలు. అధికారికంగా ఇవి ఇక్కడ అమ్మరు. అమ్మినా దాదాపు ఆరు మీటర్ల పొడవున్న బండిని జగదాంబ సెంటర్‌లో ఎక్కడ పార్క్ చేస్తారు?

మనకు దొరికేవి టయోటా హైలక్స్, ఇసుజు వీ-క్రాస్. రెండూ డీజిలే. వీ-క్రాస్ అయితే మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో తయారవుతోంది. హైలక్స్‌కు 2.8 లీటర్ల ఇంజిన్, 80 లీటర్ల ట్యాంకు. లీటరుకు 11 వస్తుందనుకుంటే వందకు 9.1 లీటర్లు, సుమారు 890 రూపాయలు. ఇక్కణ్నుంచి దీన్నే కొలబద్దగా పెట్టుకుందాం.

[దృశ్యం: మద్దిలపాలెం సిగ్నల్, సాయంత్రం ట్రాఫిక్]

ఈ 9.1 ఎక్కడెక్కడ పెరుగుతుంది? మొదటిది ఇదిగో, ఈ సిగ్నల్. ఏసీ వేసుకుని ఇంజిన్ ఆన్‌లో నిలబెడితే ఇంత పెద్ద డీజిల్ ఇంజిన్ గంటకు లీటరు దాకా తాగేస్తుంది. కదిలిన కిలోమీటర్లు సున్నా. పైగా బీఎస్6 (ఇప్పటి కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లన్నిటికీ పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. ఇల్లు, ఆఫీసు, రైతు బజార్ అంటూ చిన్న చిన్న దూరాలే తిప్పితే ఇంజిన్ సరిగ్గా వేడెక్కక ఆ మసి పేరుకుపోతుంది. దాన్ని కాల్చడానికి బండి అదనంగా డీజిల్ ఖర్చుపెడుతుంది. అప్పుడప్పుడు ఆనందపురం దాటి హైవే మీద అరగంట ఆగకుండా తోలడం దానికి మంచిది. ఊరు దాటని వాళ్లు అసలు డీజిల్ పికప్ కొనకూడదని నా అభిప్రాయం. చాలామందికి ఇది నచ్చదు, తెలుసు.

[దృశ్యం: అనంతగిరి ఘాట్ మలుపులు. కిందికి లోయ.]

రెండోది ఘాట్. అరకు రోడ్డులో శృంగవరపుకోట దాటాక ఎక్కేది సుమారు వెయ్యి మీటర్లు. మనుషులు, సామానుతో బండి 2.4 టన్నులు అనుకోండి. అంత బరువును అంత ఎత్తుకు లేపడానికి కావలసిన శక్తి ముప్పావు లీటరు డీజిల్ లోపే ఉంది. కానీ ఇంజిన్ దాంట్లో మూడో వంతుకు అటూఇటూగా మాత్రమే చక్రాలకు అందించగలదు, మిగతాదంతా వేడిగా పోతుంది. కాబట్టి ఎత్తు కోసమే దగ్గర దగ్గర రెండు లీటర్లు ఆవిరి. దిగేటప్పుడు కొంత తిరిగి రాబట్టుకోవచ్చు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజిన్‌కు డీజిల్ సరఫరా ఆగిపోతుంది, బ్రేకుల మీదా భారం తగ్గుతుంది. న్యూట్రల్‌లో పెట్టి జారుకుంటూ రావడం రెండు విధాలా నష్టం: ఇంజిన్ ఐడిలింగ్‌కు డీజిల్ తాగుతూనే ఉంటుంది, బ్రేకులు కాలిపోతాయి.

మూడోది హైవే మీద గాలి. వేగం 80 నుంచి 110కి పెంచితే గాలి అడ్డు దాదాపు 1.9 రెట్లవుతుంది. నిటారు ముక్కు, వెడల్పు టైర్లు, పైన రూఫ్ క్యారియర్... పికప్ గాలిలోంచి దూసుకుపోయే ఆకారం కాదు కదా. వెనక డాలా (సామాను వేసే తొట్టి) తలుపు దించి తోలితే గాలి సాఫీగా పోతుందని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. తలుపు వేసి ఉంటే డాలాలో గాలి ఒక సుడిలా నిలిచిపోతుంది, పై గాలి దాని మీంచి జారిపోతుంది. దించితే ఆ సుడి చెదిరిపోతుంది, లాభమేమీ ఉండదు.

[దృశ్యం: టైరు పక్కభాగం దగ్గరగా. వేలు 265/60 ఆర్18 అంకెల మీద కదులుతోంది.]

ఇప్పుడు టైర్లు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. హైలక్స్ పై వేరియంట్‌కు వచ్చేది 265/60 ఆర్18, వ్యాసం సుమారు 775 మిల్లీమీటర్లు. చాలామంది 285/65 వేయిస్తారు, అది 828. దాదాపు ఏడు శాతం పెద్దది. అంటే బండి 107 కిలోమీటర్లు తిరిగితే మీటర్ 100 అనే చూపిస్తుంది. పెద్ద టైర్లు వేయించాక మైలేజీ పడిపోయిందని మొత్తుకునేవాళ్లలో కొందరి బాధ సగం ఈ మీటర్‌దే. మిగతా సగం నిజమే: బరువు, గాలి అడ్డు, రోడ్డును పట్టే బ్లాకులు. జీపీఎస్‌తో ఒకసారి సరిచూసుకుని ఆ తేడా కలిపి లెక్కేయండి.

టైరు ధర కూడా లీటర్లలోకి మారుద్దాం. ఆల్ టెరైన్ (రోడ్డు మీదా, మట్టిలోనూ నడిచే) టైరు ఒక్కోటి 20 వేలు, నాలుగు కలిపి 80 వేలు, 50 వేల కిలోమీటర్లు వచ్చాయి అనుకుందాం. వంద కిలోమీటర్లకు 160 రూపాయలు, అంటే ఇంకో 1.6 లీటర్ల డీజిల్. ఇది బంకులో కనిపించదు కాబట్టి ఎవరూ మైలేజీలో కలపరు.

[దృశ్యం: భీమిలి బీచ్ రోడ్డు. బండి అడుగు భాగం, తుప్పు పట్టిన బోల్టు.]

వైజాగ్‌లో ఇంకో ఖర్చు సముద్రం. ఉప్పుగాలికి ఛాసీ, బోల్టులు, సైలెన్సర్ త్వరగా తుప్పు పడతాయి. పైన మెరిసేలా కడిగించి అడుగు వదిలేస్తారు మనవాళ్లు. అడుగు భాగానికి మంచినీళ్లు కొట్టించండి, యాంటీ రస్ట్ కోటింగ్ వేయించండి. ఫోర్ వీల్ ఉంది కదా అని ఇసుకలోకి మాత్రం దించకండి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఇది.

మల్కాపురంలో రిఫైనరీ పెట్టుకుని మనకు ఇంత ధరేంటి అని అడుగుతుంటారు. పెట్రోల్, డీజిల్ జీఎస్టీలో లేవు. కేంద్రం సుంకం మీద రాష్ట్రం వ్యాట్, సెస్సు పడతాయి. రిఫైనరీ పక్కింట్లో ఉన్నా పన్ను తగ్గదు. యానాంలో చౌక అని అక్కడిదాకా వెళ్లొద్దామనుకునేవాళ్లకు: ఒకవైపే 170 కిలోమీటర్ల పైన. లీటరుకు పది రూపాయలు తగ్గినా ట్యాంకు మీద మిగిలేది 800, రానూపోనూ కాలేది 3,000.

ఇక ఇవన్నీ చిన్నవి అనిపించే అంకె ఒకటుంది, లైఫ్ ట్యాక్స్. మన రాష్ట్రంలో 20 లక్షలు దాటిన ప్రైవేట్ కారుకు 18 శాతం. 30 లక్షల బండిని ప్రైవేట్‌గా రిజిస్టర్ చేయిస్తే 5.4 లక్షలు. 98 చొప్పున దాంతో 5,500 లీటర్ల డీజిల్ వస్తుంది. మన 9.1 లెక్కన అది 60 వేల కిలోమీటర్లకు సరిపోతుంది. బండి ఇంకా షోరూమ్ గేటు కూడా దాటలేదు!