వలందపాలెం నుంచి హాలెండు దాకా

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చాపలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు అల్లరి చేస్తే చెయ్యనివ్వండి, నాకేం ఇబ్బంది లేదు.

పిల్లలకి ఇంట్లో ఒక యూరప్ దేశం గురించి ఎలా చెప్పాలో మాట్లాడమన్నారు. నేను టీచర్ని కాను. రెండేళ్ల కిందట సెలవుల్లో మా ఇద్దరు పిల్లలతో కూర్చుని నెదర్లాండ్స్, అదే మనం హాలెండు అనే దేశం, గురించి మొదలుపెట్టాను. మొదటి వారం అందరూ చేసేదే నేనూ చేశాను. జెండా, రాజధాని, తులిప్ పూలు, గాలిమర, చెక్క చెప్పులు. చార్టు గీసి గోడకి అంటించాం. పదిరోజులయ్యాక అడిగితే మా చిన్నాడికి చెక్క చెప్పులు తప్ప ఏమీ గుర్తులేవు. వాడి తప్పేం లేదు. ఆ చార్టులో వాడు బుర్ర గోక్కోవాల్సిన ప్రశ్న ఒక్కటీ లేదు.

ప్రశ్న మన బందరులోనే దొరికింది. ఆటోలో వెళ్తుంటే వలందపాలెం బోర్డు చదివి మా అమ్మాయి, "వలంద అంటే ఏంటమ్మా?" అంది. హాలెండు వాళ్లని మన పెద్దవాళ్లు వలందులు అన్నారు. ఫ్రెంచివాళ్లు పరాసులు, అందుకే పరాసుపేట. పోర్చుగీసువాళ్లు బుడతకీచులు. ఆ మాట విన్నాక మా వాళ్లు ఇంటికి వెళ్లేదాకా నవ్వు ఆపలేదు. 1605లో ఈ వలందుల, అంటే డచ్చివాళ్ల, వర్తక కంపెనీ ఓడ ఇక్కడికి వచ్చింది మన అద్దకం బట్ట కోసం. ఆ బట్ట ఇచ్చి తూర్పు దీవుల్లో మసాలా దినుసులు కొనుక్కునేవాళ్లు. తర్వాత వాళ్ల దేశంలోనూ దానికి మోజు పెరిగింది. అక్కడ ఫ్రీస్‌లాండ్‌లో హిందెలోపెన్ అని చిన్న ఊరుంది. ఆ ఊరి ఆడవాళ్లు ఒకప్పుడు పండగలకి వేసుకున్న పొడుగు కోటు ఈ తీరం నుంచి వెళ్లిన పూల బట్టతో కుట్టిందే. మా అమ్మమ్మ కలంకారీ దుప్పటి పక్కన ఆ కోటు ఫొటో పెట్టి చూపించాను. ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

అప్పుడు మ్యాపు తీశాం. ఆ దేశం నేలలో దాదాపు నాలుగో వంతు సముద్రమట్టం కంటే కిందుంది. మా చిన్నాడు వెంటనే, "పిచ్చా వాళ్లకి? అంత కింద ఇల్లెవరు కట్టుకుంటారు?" అన్నాడు. నిజమే కదా. పుస్తకాలన్నీ సముద్రమట్టానికి కిందుంది అని రాస్తాయి. ఎందుకుందో చాలావాటిలో ఉండదు.

దానికి నర్సరీకి వెళ్లి కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొట్టు, ఇటుక ఒకటి తెచ్చాం. నీళ్లలో వేస్తే ఉబ్బి తొట్టి నిండిపోయింది. దాని మీద అగ్గిపెట్టె ఇల్లు పెట్టాం. తర్వాత తొట్టి అడుగున బెజ్జం చేసి నీళ్లు వదిలేసి నాలుగు రోజులు ఎండలో పెడితే ఇల్లు కిందికి దిగిపోయింది. అక్కడా జరిగింది ఇదే. ఆ నేల కుళ్లీ కుళ్లని నాచుతో నిండిన బురదనేల. వెయ్యేళ్ల కిందట రైతులు సేద్యం కోసం కాలవలు తవ్వి నీళ్లు వదిలేశారు. నీళ్లు పోయేకొద్దీ నేల కుంగింది. అంటే వాళ్లు పల్లంలోకి వెళ్లి కాపురం పెట్టలేదు, కాళ్ల కింద నేలే దిగిపోయింది. ఇక గట్లు వేసుకోవాలి, నీళ్లు ఎత్తి పొయ్యాలి. ఇలాంటి చోట్ల గాలిమర పని అదే. మామూలు మర ఒకటి సుమారు ఒకటిన్నర మీటరు మించి ఎత్తలేదు, అందుకని లోతు ఎక్కువున్నచోట మెట్లు మెట్లుగా వరసన పెట్టారు. ఏతం ఎరిగిన మా నాన్న ఇది విని, "మూడు ఏతాలు ఒకదాని మీద ఒకటి వేసినట్టు" అన్నారు. నా వివరణ కంటే అదే బాగా అర్థమైంది పిల్లలకి. కిండర్‌డైక్ అనే చోట అలాంటి మరలు ఇప్పటికీ 19 నిలబడి ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం ఉన్న చోటు ఒకప్పుడు పెద్ద చెరువు. ఆవిరి పంపులతో తోడి 1852 నాటికి ఎండగట్టారు. మన విమానం దిగేది చెరువు అడుగున అన్నమాట.

గట్టుకి బెజ్జం పడితే వేలు అడ్డుపెట్టిన పిల్లాడి కథ మనలో చాలామంది ఇంగ్లీషు రీడర్లో చదివాం. అది అక్కడి కథ కాదు, అమెరికాలో ప్రచారమైంది. టూరిస్టులు వచ్చి అడుగుతుంటే పాపం 1950లో విగ్రహం కూడా పెట్టారు. అసలు సంగతి వేలితో ఆగేది కాదు. 1953 జనవరి 31 రాత్రి తుపానుకి గట్లు తెగి ఆ దేశంలో 1,836 మంది చనిపోయారు. దివిసీమ ఉప్పెన గురించి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. మా అత్తగారు 1977 నవంబరు నాటి రాత్రి సంగతి పిల్లలకి చెప్పారు, ఆ తర్వాత 1953 గురించి చదివాం. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

ఆ వరద తర్వాత కట్టినవాటిలో, సముద్రపు పాయ మీద వేసిన ఓస్టర్‌స్కెల్డె అడ్డుకట్ట చూపించండి. మొదట పూర్తిగా మూసేద్దామనుకున్నారు. ఉప్పునీళ్లు రాకపోతే ఆల్చిప్పలు చస్తాయి, మా బతుకేం కావాలని జాలర్లు గొడవ చేశారు. చివరికి 62 ఇనప తలుపులు పెట్టారు. మామూలు రోజుల్లో తెరిచే ఉంటాయి, తుపానొస్తే మూస్తారు. 1986లో పూర్తయింది. ఇంట్లో ఒకరు జాలరి, ఒకరు ఇంజనీరు, ఒకరు గట్టు కింద కాపురముండే అవ్వ వేషం వేసి వాదించుకోండి. మా ఇంట్లో జాలరే గెలిచాడు.

ఇంకోటి దాచకండి. ఆ డచ్చి కంపెనీ బట్టలు మాత్రమే కొనలేదు. కరువు రోజుల్లో ఈ తీరంలో మనుషుల్నీ కొని బటేవియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, బానిసలుగా ఓడలెక్కించింది. "అమ్మిందెవరు?" అని అమ్మాయి అడిగింది. ఇక్కడి వ్యాపారులే అమ్మారు, ఆకలికి తాళలేక పిల్లల్ని అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు అని చెప్పాను. బానిస వ్యాపారానికి 2022లో ఆ దేశ ప్రధాని, 2023లో రాజు క్షమాపణ చెప్పారు. పదేళ్ల పిల్లకి ఇది చెప్పొచ్చా అని నాకూ టెన్షన్ పట్టుకుంది. చెప్పాకే అనిపించింది, పిల్లలకి అర్థమవుతుందని.

తిండి సంగతి ఒక్క ముక్క. బ్రెడ్డుకి వెన్న రాసి పైన చాక్లెట్ పలుకులు చల్లుకుని తినడం అక్కడ మామూలు టిఫిన్. ఒకసారి చేసి పెట్టండి, రోజూ అడుగుతారు, ఆ బాధ మీదే. అక్కడి పిల్లలు ఈత పరీక్షలో ఒంటిమీద బట్టలతోనే ఈది చూపించాలి. కాలవలో పడేవాడు బట్టలు విప్పి పడడు కదా! కాలవ గట్టున బతికే మనం ఆ దేశం నుంచి ఒక్కటి అరువు తెచ్చుకోవాలంటే నేనైతే దీన్నే తెస్తాను.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి పిల్లల్ని తీసుకుని మన బందరులోని డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి వెళ్దాం. రాళ్ల మీద వాళ్ల అక్షరాలు, బొమ్మలు చెక్కి ఉంటాయి. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. రాళ్లు ఎక్కొద్దని పిల్లలకి ఇంట్లోనే చెప్పి తీసుకురండి. గడ్డి బాగా పెరిగి ఉంటుంది, చెప్పులు కాదు, బూట్లు వేయండి.