మనవల కోసం కోర్టుకు వెళ్లేముందు

శ్రోతలకు నమస్కారం.

కొడుకో కూతురో విడాకులు తీసుకుంటారు, లేదా కన్నుమూస్తారు. నిన్నటిదాకా "తాతయ్యా" అంటూ మెడకు చుట్టుకున్న పిల్ల ఇప్పుడు ఫోన్‌లో కూడా దొరకదు. పుట్టినరోజుకు బొమ్మ కొనుక్కుని వెళ్తే గేటు తెరవరు. ఆ బొమ్మ అట్టపెట్టెలోనే బీరువా ఎక్కుతుంది. ఆ బాధతో లాయర్ దగ్గరికి వెళ్లి, "నా మనవరాలి మీద నాకు హక్కు లేదా?" అని అడుగుతారు.

ఆ ప్రశ్నను ఒక్కసారి తిప్పి చూడండి. నేను లేకపోతే ఆ పిల్లకు ఏం లోటు? కోర్టు వెతికేది ఈ జవాబునే. ఫ్రాన్స్ చట్టం అవ్వాతాతలతో అనుబంధాన్ని పిల్లల హక్కుగానే రాసుకుంది. ఇంగ్లండ్‌లో 1989 నాటి బాలల చట్టం కింద, తాతయ్య దరఖాస్తు పెట్టాలన్నా మామూలుగా ముందు కోర్టు అనుమతి కావాలి. మన దేశంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది. తమను గార్డియన్‌గా నియమించమని అవ్వాతాతలు దాని కింద అడగొచ్చు. అక్కడా కొలత పిల్లల క్షేమమే.

2022లో మన సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. కోవిడ్‌లో అమ్మానాన్నలిద్దరూ పోయిన బాబు. హైకోర్టు అతన్ని తల్లి సోదరికి అప్పగించింది, ఆమెకు ఉద్యోగం ఉంది, వయసు తక్కువ అని. సుప్రీంకోర్టు మాత్రం నాయనమ్మ, తాతయ్యల దగ్గరికే పంపింది. వయసు, సంపాదన ఒక్కటే చూసి వాళ్లను కాదనకూడదంది. ఆ తీర్పు చదివి నాకెంత ఊరటో చెప్పలేను.

ఇప్పటికే మనవలను పెంచుతున్నవాళ్లు కాగితాల సంగతి వాయిదా వేయకండి. అర్ధరాత్రి జ్వరంతో పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్తే, ఫారంలో 'తల్లి/తండ్రి/గార్డియన్ సంతకం' అన్న గీత దగ్గర అమ్మమ్మ పెన్ను ఆగిపోతుంది. ఆ టెన్షన్ అప్పుడు పడేకన్నా, ముందే లాయర్‌ను కలిసి గార్డియన్ ఉత్తర్వు గురించి అడగండి.

చూడనివ్వడమే సమస్యయితే కేసుకు ముందు మధ్యవర్తిత్వం ప్రయత్నించండి. నెలకు రెండు ఆదివారాలు, వారానికో వీడియో కాల్ అంటూ స్పష్టంగా అడగండి. ఒప్పుకున్నది కాగితం మీద పెట్టించండి. కుదరకపోతే కోర్టు ఎలాగూ ఉంది. పిల్లను స్కూల్లో దించిన రోజులు, మందులు తాగించిన రాత్రులు, పాత ఫొటోలు అన్నీ తేదీలతో దాచుకోండి.

పిల్లల ముందు మాత్రం కోడల్నిగానీ అల్లుణ్నిగానీ తిట్టకండి. కాస్త ఊహ తెలిసిన పిల్లలను జడ్జి తన గదిలోకి పిలిచి మాట్లాడించవచ్చు. ఎవరింట్లో ఏం విన్నారో పిల్లలు ఉన్నదున్నట్టు చెప్పేస్తారు.